ఆగితే రెండూ ఆగాలి

మొన్న ఆదివారం అశోక్ నగర్‌లో, పుస్తకాల కొట్ల వరసలో, చెరకు రసం బండి దగ్గర నా పరువు పోయింది. పరీక్షలకు చదువుకునే పిల్లలు ఓ పదిమంది గ్లాసుల కోసం నిలబడి ఉన్నారు. నేను రోడ్డు దాటుతున్నాను. ముందు ముక్కుకు తగిలింది, రబ్బరు మాడుతున్న వాసన. ఆ వెంటనే చెవికి. అప్పటిదాకా మూలుగుతూ నడుస్తున్న చిన్న డీజిల్ ఇంజన్ ఒక్కసారిగా తేలికపడి హాయిగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ హాయి వినగానే నా కాళ్ళు నన్నడక్కుండానే పరిగెత్తాయి. పిల్లల్ని తోసుకుంటూ వెళ్ళి, వంగి, ఇంజన్ ఆపేశాను.

"ఏంది మేడమ్! గిరాకీ టైమ్‌ల ఇంజన్ బంద్ చేస్తరా?" అని బండి ఆయన అరిచాడు.

"బెల్టు జారుతోంది, చూసుకోవా?"

"జారితే జారనీయ్. రసం ఆగుతది, గంతే గదా. ఎవల పానం పోతది?"

పిల్లలు నవ్వారు. చిక్కడపల్లి దాకా నడిచి, లైబ్రరీ మెట్ల మీద కూర్చుని, చేతికంటిన నూనె దస్తీతో తుడుచుకుంటూ మూర్తిగారిని తలుచుకున్నాను. తలుచుకోవడమంటే భక్తిగా అనుకునేరు. ఆయన పోయి ఇన్నాళ్ళయినా ఆయన మీద కోపం నాకింకా తగ్గలేదు. నా మీద కోపం అసలే తగ్గలేదు. ఈ రెండు కోపాలూ ఎక్కడ విడిపోతాయో తేల్చుకుందామనే ఇది రాస్తున్నాను.

మూర్తిగారికి నారాయణగూడలో ఒక సందులో చిన్న వర్క్‌షాపు ఉండేది. ఇంజన్‌తో నడిచే గాలి మిషన్లు, అదే బ్లోయర్లు, చేసేవారు. కరెంటు లేని చోట గాలి కావాలంటే అదే దిక్కు. ధాన్యం తూర్పార పట్టేవాళ్ళు, కొలిమి నడిపేవాళ్ళు, బావుల్లో పూడిక తీసేవాళ్ళు ఆయన దగ్గరికి వచ్చేవారు. వాళ్ళ నాన్న ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి ఏదో ఆఫీసు ఉద్యోగానికి వచ్చి చిక్కడపల్లిలో ఇల్లు కట్టుకున్నాడట. మూర్తిగారు పుట్టిందీ, పెరిగిందీ, జుట్టు తెల్లబడిందీ ఆ ఇంట్లోనే. అయినా నోరు తెరిస్తే కృష్ణ ఒడ్డున కూర్చుని మాట్లాడినట్టే ఉండేది. మనిషి సన్నం, నోరు మాత్రం పెద్దది. ఇంజన్‌ను తిట్టేవారు, బోల్టును తిట్టేవారు, టీ చల్లారితే టీని కూడా తిట్టేవారు.

నేను పాలమూరు పిల్లను. మెకానికల్ డిప్లమా చేసి, సర్కారు ఇంజనీరు పరీక్షకని అశోక్ నగర్ హాస్టల్లో ఒక గదిలో ఆరుగురితో ఇరుక్కుని ఉండేదాన్ని. రెండుసార్లు తప్పాక ఇంటికి ఫోన్ చేయడానికి కూడా మొహం చెల్లలేదు. లైబ్రరీ గోడ మీద ఎవరో అంటించిన కాగితం చూసి ఆయన వర్క్‌షాపుకు వెళ్ళాను.

"డిప్లమా చదివావా? అయితే ఏమీ రాదన్నమాట," అన్నారు తలెత్తకుండానే. "డ్రాయింగు గీయడం వచ్చా?"

"వస్తది సార్."

"వస్తుందో, వస్తుందనుకుంటున్నావో రేపు చూద్దాం. ఆ చున్నీ బెల్టుకు చిక్కకుండా బిగించి కట్టుకుని రా. ముందు మనిషి మిగలాలి, ఆ తరవాతే డ్రాయింగు."

ఇంజన్ తిరుగుడును ఫ్యాన్‌కు అందించడానికి దారులు రెండే. ఇంజన్‌కొక పుల్లీ, ఫ్యాన్‌కొక పుల్లీ పెట్టి మధ్యలో బెల్టు వేయడం ఒకటి. ఇంజన్ షాఫ్టునూ ఫ్యాన్ షాఫ్టునూ ముక్కుకు ముక్కు ఎదురుగా పెట్టి, పళ్ళు పళ్ళలో కూర్చునే రెండు ఇనుప బిళ్ళల కప్లింగ్‌తో కలిపేయడం రెండోది. మూర్తిగారు పక్కా బెల్టు మనిషి. "కప్లింగ్ అంటే పెళ్ళి లాంటిదమ్మాయ్. ఇద్దరూ గీత గీసినట్టు ఒకే వరసలో నిలబడాలి. వెంట్రుకవాసి తేడా వచ్చిందా, కొట్టుకు చస్తారు. మన మిషన్లు రాళ్ళ మీద లాక్కెళ్ళేవి, వాటికి వరసెక్కడ నిలుస్తుంది? ఫ్యాన్‌లో రాయి పడిందనుకో, బెల్టయితే జారి ఊరుకుంటుంది, కప్లింగయితే ఇంజన్ నడుం విరుగుతుంది. బెల్టు పోతే కోఠి వెళ్ళి తెచ్చుకుంటాం. ఇంజన్ పోతే మీ తాత తెస్తాడా?" అనేవారు. ఈ మాటలు వినీ వినీ నాకు ఎక్కాల్లా నోటికొచ్చేశాయి. తరవాత అవే కొంప ముంచాయి, అదీ నా కొంప కాదు.

బెల్టు మీద ఆయనకు ఒకే ఒక్క అనుమానం ఉండేది. జారుతున్నప్పుడు అది చెప్పదు. అందుకని నన్ను గోడ వైపు తిప్పి నిలబెట్టేవారు. వెనక మిషన్ నడుస్తూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు బెల్టును కొంచెం వదులు చేసేవారు. జారిందనిపించగానే నేను చెయ్యెత్తాలి. మొదట్లో అన్నీ తప్పే. ఇంజన్ బరువుగా మూలిగితే జారిందనుకునేదాన్ని, తేలిగ్గా కొట్టుకుంటే బాగుందనుకునేదాన్ని.

"బుర్ర ఉందా లేదా అమ్మాయ్? మూలుగుతోందంటే గాలి తోస్తోందన్నమాట. దాని ప్రాణం సుఖంగా ఉందంటే పని మానేసిందన్నమాట. పెద్ద ఉద్యోగులు నవ్వుతూ కూర్చుంటారు చూడు, అట్లాగ."

నెల తిరిగేసరికి వేలెడు బెల్టు జారినా చెప్పేదాన్ని. ఒకరోజు పదిసార్లు వదులు చేస్తే పదిసార్లూ చెయ్యెత్తాను. మెచ్చుకోవడం ఆయన జాతకంలో లేదు. అప్పుడే వచ్చిన తన టీలో సగం నా గ్లాసులో వంపి, పనిలో పడిపోయారు. ఆ సగం టీ కోసం నేను ఏమైనా చేసి ఉండేదాన్ని.

అంజన్న అక్కడే పరిచయమయ్యాడు. బావుల మేస్త్రీ. పాత బావుల్లో పూడిక తీసే ఆరుగురిని వెంటేసుకుని తిరిగేవాడు. మాది పక్క మండలమేనని తెలిసిన రోజు నుంచి నన్ను సెల్లె అనేవాడు. ఏ బావిలోనైనా ముందు తనే దిగాలి, ఆఖరున తనే ఎక్కాలి, అదీ ఆయన పద్ధతి. పాత బావి అడుగున చెడ్డగాలి ఉంటుంది. కంటికి కనబడదు, చాలాసార్లు ముక్కుకూ తెలియదు. పనిచేస్తున్నంతసేపూ పైనుంచి గొట్టంతో మంచిగాలి తోస్తూనే ఉండాలి. అది తగ్గితే మనిషి మగతగా అక్కడే కూలబడిపోతాడు.

ఒకరోజు ఆయన వచ్చి మూర్తిగారి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, మాకు బెల్టు మిషన్ వద్దు. నేరుగ జోడిచ్చిన మిషన్ చేసియ్యుండ్రి."

"నీకేం తెలుసయ్యా మిషన్ సంగతి?" అన్నారు మూర్తిగారు.

"మిషన్ సంగతి నాకేం తెల్వదు సార్. నేను బాయి లోపలుంట గదా, గా సంగతి తెలుసు. గొట్టం మూతి గోడ దిక్కు తిప్పుకుంటం, లేకుంటే తడి పెయ్యికి సలి పెడతది. గాలి కనబడదు. మాకు ఇనబడేది ఇంజన్ మోత ఒక్కటే. అది కొడుతుంటే గాలి ఉన్నదనుకొని పని చేస్తం. అది జూటా చెప్పకుండ చేయుండ్రి. ఆగితే రెండూ ఆగాలె."

"బెల్టు జారితే మా అమ్మాయి వీధి చివర నుంచి చెబుతుంది. మీరూ చెవి పెట్టి వినడం నేర్చుకోండి."

"చెవుల పక్కన గడ్డపార మోగుతుంటది సార్," అన్నాడు అంజన్న నెమ్మదిగా. దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత రెండు రోజులు మూర్తిగారు టీ చల్లారినా తిట్టలేదు. మూడో రోజు ఒక బెల్టు మిషన్‌ను ఆటో ట్రాలీలో వేయించి చిక్కడపల్లిలో తన ఇంటికి తీసుకెళ్ళారు. పెరట్లో ఎండిపోయిన బావి ఉంది, మూడు నిలువుల లోతు. అంజన్నను కూడా పిలిపించారు. "అమ్మాయ్, నేను లోపలికి దిగుతాను. నీకు తోచినప్పుడు బెల్టు వదులు చెయ్యి. నాకు చెప్పకు. జారిందనిపించగానే తాడు లాగుతాను," అన్నారు. వరండాలో నుంచి వాళ్ళావిడ మొత్తుకుంటూనే ఉంది. "ఈ వయసులో బావి సరదా ఏమిటండీ మీకు! నడుం విరిగితే ఎవరు చేస్తారు?" అంజన్న ముందు దీపం దించి చూశాడు. అది నిలిచి వెలిగాక మూర్తిగారి నడుముకు తాడు కట్టి, తన చేతుల మీదుగా దించాడు. గొట్టం మూతిని తాము పెట్టుకున్నట్టే గోడ వైపుకు తిప్పించాడు.

కొంతసేపయ్యాక నేను బెల్టు కొంచెం వదులు చేశాను. ఇంజన్ తేలికపడింది. తాడు కదల్లేదు. ఇంకొంచెం వదులు చేశాను. గాలితో బిగిసి ఉన్న గుడ్డ గొట్టం మెత్తబడి బావి అంచు మీద వాలిపోయింది. తాడు కదల్లేదు. నేను అంజన్న మొహం చూశాను. ఆయన బావిలోకి చూస్తున్నాడు. ఆఖరికి ఆగలేక "సార్, ఎక్కుండ్రి!" అని అరిచి తాడు అందుకున్నాడు.

పైకొచ్చాక మూర్తిగారు బావి గట్టు మీద కూర్చున్నారు. "ఎప్పుడు వదిలావు?"

"చాలాసేపైంది సార్."

ఆయన తల అడ్డంగా ఊపారు. "నాకు తెలియలేదు. పైగా ఇంజన్ ఇంకా బాగా కుదురుకుందనుకున్నాను. గాలి పెరిగిందనుకున్నానమ్మాయ్!" అంత చెవి ఉన్న మనిషి, చెవి గురించి నన్ను అన్ని తిట్లు తిట్టిన మనిషి, మొహం పాలిపోయి కూర్చున్నారు. తరవాత అంజన్న వైపు తిరిగి, "నీ మిషన్ వారంలో ఇస్తానయ్యా," అన్నారు. వారం కాదు గానీ మూడు వారాల్లో ఇచ్చారు.

అప్పటి నుంచి బావి పనికి ఎవరడిగినా కప్లింగ్ మిషనే. వరస చెడకుండా అడుగున బరువైన ఇనుప చట్రం వేశారు. రెండు షాఫ్టుల మీద రంపం బ్లేడు ఆనించి పూటపూటా వరస చూసుకునేవారు. కప్లింగ్ పళ్ళ మధ్య రబ్బరు ముక్క ఉంటుంది, అది అరిగిపోయినా ఇనుప పళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఫ్యాన్‌ను తిప్పుతాయి. కాకపోతే టకటకమని వీధంతా వినబడుతుంది. ఫ్యాన్‌లో రాయి చిక్కుకుంటే ఇంజన్ ఠక్కున ఆగిపోతుంది. బావిలో ఉన్నవాడికి ఆ నిశ్శబ్దం వినబడుతుంది. ఇంజన్లు పాడయ్యాయని ఇద్దరు ముగ్గురు వచ్చి గొడవ పెట్టుకుని, మళ్ళీ ఆయన గడప తొక్కలేదు. "చావనీ! ఇంజన్ చస్తే మనిషి పైకొస్తాడు," అనేవారాయన. ఒకరోజు నా డ్రాయింగు మీద బెల్టూ కప్లింగూ రెండూ గీసి, ఏది కావాలో ఆయన్నే ఎంచుకోమన్నాను. కాగితం విసిరికొట్టారు. "ధాన్యానికి బెల్టు, బావికి కప్లింగ్. తేల్చి చెప్పడానికే మనం ఉన్నది. ఏదైనా పర్లేదనేవాడు దళారి, మెకానిక్ కాదు."

మూడోసారికి నాకు ఉద్యోగం వచ్చింది. మిఠాయి పొట్లంతో వర్క్‌షాపుకు పరిగెత్తాను. "ఇక కుర్చీలో కూర్చుంటావన్నమాట. మంచిది. చెవి మాత్రం పారేసుకోకు," అన్నారు. అంజన్న పొట్లంలో సగం తన మనుషులకు పంచి, "మా సెల్లె సర్కారు ఇంజనీరు," అని సందంతా చెప్పి వచ్చాడు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు మా ఆఫీసు పాత బావుల పూడిక పని ఎత్తుకుంది. బ్లోయర్లు కొనాలి. ఎలాంటివి కొనాలో రాసే కాగితం నా బల్ల మీదికి వచ్చింది. కప్లింగ్ మిషన్లు మాత్రమే అని రాసి పైఆఫీసరు ముందు పెట్టాను. ఆయన చెడ్డవాడని చెప్పుకుంటే నాకు సుఖంగా ఉండేది. కాదు, నెమ్మదస్తుడు, నన్ను సొంత కూతుర్ని చూసినట్టు చూసేవాడు.

"అమ్మా, ఒక్కటే రాస్తే పోటీ లేకుండా చేశావంటారు, రేపు ఆడిట్‌లో సమాధానం చెప్పుకోవాలి. బెల్టు లేదా కప్లింగ్, తయారుచేసేవాళ్ళ ఇష్టం, అని పెట్టు. నీకెందుకీ పరేషాన్?"

"బావుల్లో మనుషులు దిగుతరు సార్."

"దిగుతారు. ఏ మిషనైనా తోసేది గాలే కదమ్మా?"

మూడు నిలువుల బావి సంగతి అప్పుడే చెప్పాల్సింది. ఆయన వినేవాడేమో కూడా. కానీ నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ఆ ఫైలు ఆయన బల్ల మీదే ఉంది. హాస్టల్ గది గుర్తొచ్చింది, ఇంటికి చేయలేకపోయిన ఫోన్లు గుర్తొచ్చాయి. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని బయటికొచ్చి, ఆయన చెప్పినట్టే మార్చాను. గోడ మీది పిల్లిలా అటూ ఇటూ కాకుండా రాశాను. అక్కడితో ఆగినా బాగుండేది. బెల్టును కూడా ఎందుకు ఒప్పుకోవచ్చో వివరిస్తూ ఒక పేజీ నోట్ జతచేశాను. వరస చెడే బాధ లేదు, రాయి పడితే ఇంజన్‌కు దెబ్బ తగలదు, బెల్టులు ఎక్కడైనా దొరుకుతాయి. అన్నీ మూర్తిగారి మాటలే. బావిలోకి దిగకముందు ఆయన చెప్పిన మాటలు. నోట్ చాలా బాగా రాశావని ఆఫీసరు మెచ్చుకున్నాడు, నేను సంతోషపడ్డాను.

వచ్చిన మిషన్లన్నీ బెల్టువే. చేతులు పడకుండా మీద రేకు మూత, దాని మీద ఆకుపచ్చ రంగు. మూత విప్పితే తప్ప లోపల ఏముందో తెలియదు. వాటితో పని చేయించే కాంట్రాక్టరు కింద అంజన్న కూడా ఉన్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. పాలమూరు మనుషులు కొత్త మిషన్‌ను ఊరికే నమ్మరు, మూత విప్పి చూడనిదే దిగరు. మిషన్లు వచ్చిన రోజు ఎవరో విప్పబోతే అంజన్నే వద్దన్నాడట. "ఇది మా పద్మ సెల్లె రాసిన మిషన్. మూర్తి సార్ దగ్గర నేర్చిన పిల్ల. ఇంజన్ కొట్టినంతసేపు మనకు ఫికర్ లేదు," అన్నాడట. వాళ్ళే తరవాత నాకు చెప్పారు.

నాలుగో బావి దగ్గర, మధ్యాహ్నం, తుంపర పడింది. రేకు సందుల్లోంచి నీళ్ళు దిగి బెల్టు తడిసింది. జారింది. ఇంజన్ తేలికపడి హాయిగా కొట్టుకుంది. పైనున్నవాళ్ళూ గొట్టం వైపు చూడలేదు, మోత విని అంతా బాగుందనే అనుకున్నారు. అడుగున ఇద్దరు ఉన్నారు, అంజన్నా, రాములు అనే ఇంకొకాయనా. రాములు కూలబడితే అంజన్న అతన్ని తాడుకు కట్టి ముందు పైకి పంపాడు. ఆఖరున తనే ఎక్కాలి కదా. తాడు మళ్ళీ దిగేసరికి తనూ కూలబడి ఉన్నాడు. రాములు సాయంత్రానికి ఆస్పత్రిలో లేచి కూర్చున్నాడు. అంజన్న తొమ్మిది రోజుల తరవాత కళ్ళు తెరిచాడు. ప్రాణం దక్కింది. మాట ముద్దయింది, చేతులు వణుకుతాయి, అన్నం ముద్ద నోటి దాకా పోదు.

విచారణ జరిగింది. నా కాగితంలో తప్పేమీ లేదని తేలింది. బెల్టును సరిగా చూసుకోలేదని కాంట్రాక్టరుకు ఒక ఉత్తరం రాశారు. ఆ నెలలోనే నా ఉద్యోగం ఖాయమైంది.

మూర్తిగారు కబురు పెట్టారు, ఆ కాగితం తీసుకుని రమ్మని. చిక్కడపల్లి ఇంటికి వెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని రెండు పేజీలూ చదివారు. నోట్ మళ్ళీ ఒకసారి చదివారు. నేను తిట్టు కోసం నిలబడి ఉన్నాను. బుర్ర ఉందా లేదా అంటారని, కాగితం మొహాన కొడతారని, కొడితే కాళ్ళ మీద పడి ఏడవాలని వచ్చాను.

"అక్షరం తప్పు లేదు. అన్నీ నేను చెప్పినవే," అన్నారు. కాగితం మడిచి నా చేతికిచ్చి, లోపలికి చూసి, "మేడమ్‌గారికి మంచినీళ్ళు ఇవ్వు," అన్నారు వాళ్ళావిడతో. తరవాత నాతో, "మీకు ఆఫీసు వేళవుతుందేమో. బయల్దేరండి."

మీరు! నన్ను! అమ్మాయ్ అని తప్ప పిలవని మనిషి. ఆ తరవాత నాలుగేళ్ళు బతికారు. లైబ్రరీలో పేపర్లు చదివేచోట కనబడితే, "బాగున్నారా మేడమ్," అని మర్యాదగా పలకరించి పేపర్లో తల దూర్చేవారు. ఆ మర్యాదను నేనింకా క్షమించలేదు. అంతకుముందు ఏళ్ళకేళ్ళు బావులకు బెల్టు మిషన్లు అమ్మింది ఆయన కాదా? వాటి కింద ఎవరు కూలబడ్డారో ఎవరైనా చూశారా? ఆయన తప్పు ఆయనకు ఎండిన బావిలో, నడుముకు తాడుతో, పైన అంజన్న పట్టుకుని ఉండగా తెలిసింది. నాకు అలాంటి బావి దొరకలేదు. ఈ మాట ఆయన్ని అడగాలనుకుంటూనే ఉన్నాను, ఆయన పోయారు. చూడ్డానికి వెళ్ళిన రోజు పెరట్లోకి వెళ్ళాను. ఆ బావి మీద బండ పరిచి పూల కుండీలు పెట్టారు. నా వాదన కూడా నిజానికి అక్కడితో అయిపోయింది. ఆయన తెలుసుకుని మారారు. నేను తెలిసి రాశాను.

ఇప్పుడు ఆఫీసులో నాకు మొండి మేడమ్ అని పేరు. నేను రాసే ఏ కాగితంలోనూ రెండు దారులు ఉండవు. దానివల్ల మూడుసార్లు బదిలీ చేశారు, ఆడిట్‌కు రెండుసార్లు సంజాయిషీ ఇచ్చుకున్నాను. ఇది ధైర్యమని ఎవరైనా అంటే ఒళ్ళు మండుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎవరికైనా వస్తుంది.

మొన్న లైబ్రరీ మెట్ల మీద నుంచి లేచి, ప్రతి ఆదివారం వెళ్ళినట్టే అంజన్న గదికి వెళ్ళాను. వాళ్ళావిడ బాలమణి నా మొహం చూడకుండా చాయ్ పెట్టి బయటికి పోతుంది, ఎప్పుడూ అంతే. అంజన్న నన్ను గుర్తుపడతాడు. గుర్తుపట్టకపోతే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. ఆ రోజు ఏం పుట్టిందో, ఇన్నేళ్ళుగా చెప్పలేనిదంతా చెప్పేశాను. నేను ముందు రాసిందీ, మార్చిందీ, నోట్ రాసిందీ, రేకు మూత కింద ఉన్నది బెల్టేననీ. ఆయన వణికే చేతిని నా చేతి మీద పెట్టి ఓపిగ్గా విన్నాడు. ఎంత అర్థమైందో నాకు తెలియదు. నన్ను ఓదార్చాలని మాత్రం అర్థమైంది ఆయనకు.

"ఏడ్వకు సెల్లె. నీ మిషన్ ఏం తప్పు చెయ్యలే," అన్నాడు ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ. "ఇంజన్ మంచిగ కొట్టింది. ఆఖరు దాక మంచిగ కొట్టింది. గందుకే గదా, నేను పైకి రాలే."